తుంటి విరిగిన పెద్దలను తిరిగి నడిపించుట

మన పాల సంఘాలలో ఉదయం, సాయంత్రం క్యాను పట్టుకొని వచ్చేవారిలో అరవై దాటినవారు చాలామంది ఉన్నారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో పిల్లలు పనుల కోసం హైదరాబాదుకో, బెంగుళూరుకో పోగా ఇంటి దగ్గర బర్రెను చూచుకునేది అవ్వా తాతలే. పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నా పాలు పితికే చేయి వారిదే. లెక్కల తనిఖీకి పోయినప్పుడు పాలు పోయడం మానుకున్న సభ్యుల పేర్లు వేరుగా రాసుకొని కారణం అడగడం నాకు అలవాటు. ఎక్కువగా వచ్చే జవాబు "బర్రె ఒట్టిపోయింది సార్" అని. ఆ తరువాత తరచుగా వినిపించేది "మా అమ్మ కొట్టంలో పడింది సార్, ఇక లేవలేదు" అని. ఒట్టిపోయిన బర్రె మళ్ళీ ఈనుతుంది. పడిన అమ్మ మాత్రం మంచంలోనే ఉండిపోతున్నది. చాలా సందర్భాలలో ఆమె అట్లా ఉండిపోవలసిన అవసరం లేదని చెప్పుటకే ఈ వ్యాసం.

నేను వైద్యుడను కాను. సహకార డిప్లొమా చదివి సంఘాల లెక్కలు చూచేవాడిని. ఎముకల వైద్యులు, వ్యాయామ చికిత్స చేయించే ఫిజియోథెరపిస్టులు చెప్పే సంగతులను మన ఇళ్ళకు, మన కొట్టాలకు సరిపడేటట్లు రాస్తున్నాను. మీ ఇంటి మనిషికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఏదైనా వేరుగా చెప్పి ఉంటే ఆయన మాటే పాటించాలి.

తొడ ఎముక పై కొస గుండ్రని బంతి వలె ఉండి నడుము ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతికి కింద మెడ వలె సన్నని భాగం ఉన్నది. పెద్ద వయసులో, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముకల లోపలి బిగువు తగ్గిపోతుంది. అప్పుడు చెట్టు మీది నుంచి పడనవసరం లేదు; నిలుచున్నచోట జారి పక్కకు పడినా ఆ మెడ దగ్గరగాని, దానికి కొంచెం కింద గాని ఎముక విరుగుతుంది. తెల్లవారుజామున చీకటిలో, కడిగిన నాపరాళ్ళ మీద, పేడ కలిసిన తడిలో పడేవారే మన వైపు ఎక్కువ. పడిన తరువాత లేవలేకపోవడం, ఒక కాలు పొట్టిగా కనిపించడం, పాదం బయటి పక్కకు తిరిగిపోవడం దీనికి గుర్తులు. కొందరికి చిన్న పగులు మాత్రమే ఏర్పడి ఒకటి రెండు రోజులు కుంటుతూ నడుస్తారు కూడా. గజ్జలలో నొప్పి తగ్గకుంటే అటువంటివారికీ ఎక్స్‌రే తీయించాలి.

కాలు పట్టి లాగరాదు, నూనె పెట్టి తోమరాదు. మంచంతోనో పలకతోనో ఎత్తి 108 బండిలో పెద్దాసుపత్రికి చేర్చాలి. మన వైపు విరిగిన చేతికి, కాలికి పుత్తూరు కట్టు కట్టించే అలవాటు ఉన్నది. తుంటి విషయంలో మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఆ కీలు మందమైన కండల లోపల దాగి ఉన్నది. పైనుంచి ఏ కట్టు కట్టినా అది విరిగిన ముక్కలను పట్టి ఉంచలేదు. కట్టు కట్టి మూడు నెలలు పడుకోబెట్టడమంటే ఆ మనిషిని మూడు నెలలు మంచానికి కట్టివేయడమే.

సాధ్యమైనంత వరకు ఒకటి రెండు రోజులలోనే ఆపరేషన్ జరగడం మంచిది. విరిగిన చోటును బట్టి మరలు, పలక, కడ్డీ వేసి బిగిస్తారు. లేదా బంతిని తీసి లోహపు బంతి పెడతారు. కొందరికి గిన్నెతో సహా కీలంతా మారుస్తారు. బి.పి., షుగరు, గుండె పరీక్షల కోసం కొంత ఆలస్యం కావచ్చు, అది వేరు. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అని ఇంటివారు వారం రోజులు తర్కించుకోవడం వేరు. వయసు ఎక్కువైనదనే కారణం చేతనే ఆపరేషన్ అవసరం, ఎందుకంటే పడుకోబెడితే తట్టుకోలేనిది ఆ వయసే. ఖర్చు విషయమై ఆసుపత్రిలో ఎన్.టి.ఆర్. వైద్యసేవ బల్ల దగ్గర కూర్చునే వైద్యమిత్రను ముందుగా అడగండి. డబ్బు అప్పు తెచ్చిన తరువాత అడిగి లాభం లేదు. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య సాయం 2024 అక్టోబరులో మొదలైనది. ఆధారు కార్డు వెంట ఉంచుకోవాలి.

మంచం చేసే చేటు

ఇక అసలు విషయానికి వస్తాను. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు విప్పారు, ఇంటికి తెచ్చారు. చుట్టాలంతా వచ్చి "కదలనీయకండి, ఎముక అతుక్కునేదాకా పడుకోనీయండి" అని చెప్పి పోతారు. ఇంటివారు ప్రేమతోనే ఆ మాట పాటిస్తారు. మనిషికి మంచంలోనే అన్నం, మంచంలోనే అన్నీ. నెల తిరిగేసరికి ఎముక అతికే దారిలోనే ఉంటుంది గాని మనిషి లేవలేడు.

కారణం ఏమంటే, కదలని మనిషిలో చెడిపోయేది ఎముక ఒక్కటే కాదు. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా వస్తుంది. పిక్కల రక్తనాళాలలో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే గంటలలో ప్రాణం పోవచ్చు. నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. మూత్రంలో చీము, మలబద్ధకం, రాత్రిళ్ళు మతి తప్పి మాట్లాడడం ఇవన్నీ వెంట వస్తాయి. కండ సంగతి చూడండి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే పది రోజులు మంచంలో ఉంచి అమెరికాలో కొలిచి చూశారు. 2007లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం కాళ్ళలోని కండ ఇంచుమించు ఒక కిలో తగ్గిపోయింది. దెబ్బ తగలనివారికే పది రోజులకు ఇంత నష్టమైతే, ఆపరేషన్ అయి సగం తిండి తినే అవ్వకు నెల రోజులకు ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి. పాశ్చాత్య దేశాలలోనే తుంటి విరిగిన వృద్ధులలో నూటికి 20 నుంచి 30 మంది ఏడాది తిరగకుండా చనిపోతున్నారు. బ్రతికినవారిలో ఇంచుమించు సగం మంది పూర్వం నడిచినట్లు నడవలేకపోతున్నారు.

అందుచేత ఇంగ్లండులో 2011లో వచ్చిన వైద్య మార్గదర్శకాలలో, అడ్డు చెప్పే కారణం ఏదైనా ఉంటే తప్ప, ఆపరేషన్ మరుసటి రోజే రోగిని లేపి నిలబెట్టాలని, ఆ తరువాత రోజుకు కనీసం ఒక్కసారైనా నడక అభ్యాసం చేయించాలని నిర్ణయించారు. అక్కడ 2007 నుంచి తుంటి విరిగిన ప్రతి వృద్ధుని వివరాలు ఒక జాతీయ రిజిస్టరులో ఎక్కిస్తున్నారు: ఎన్ని గంటలలో ఆపరేషన్ చేశారు, ఎప్పుడు లేపారు, తరువాత ఏమైనాడు అని. క్యాను క్యానుకూ ఫ్యాటు రాసే మనకు ఆ పద్ధతి విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

విదేశాల సంగతి మనకెందుకు అనేవారికి మన తెలుగునాటి ఉదాహరణే ఉన్నది. తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారు 2023 డిసెంబరు 7వ తేదీ రాత్రి ఎర్రవల్లిలోని తమ ఇంటిలో జారిపడగా ఎడమ తుంటి విరిగినది. అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు. మరునాడు 8వ తేదీన హైదరాబాదు యశోద ఆసుపత్రిలో కీలు మార్పిడి చేశారు. 9వ తేదీన ఆయన వాకరు పట్టుకొని నడవడం టీవీలో చాలామంది చూచి ఉంటారు. కోలుకొనుటకు 6 నుంచి 8 వారాలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. 2024 ఫిబ్రవరి 1న ఆయన చేతికర్రతో నడిచి వచ్చి శాసనసభ్యునిగా ప్రమాణం చేశారు. రాజకీయాలు పక్కన పెట్టి, మనం గమనించవలసినది ఆ 9వ తేదీని. పెద్ద ఆసుపత్రి, పెద్ద డాక్టర్లు ఉండబట్టి ఆయనను అంత త్వరగా లేపారని కొందరనుకుంటారు. లేపడానికి కావలసినవి ఒక వాకరు, పక్కన ఇద్దరు మనుషులు, నొప్పి మాత్రలు, డాక్టరు అనుమతి. ఇవి సర్కారు ఆసుపత్రిలోనూ ఉంటాయి.

ఇంటిలో చేయవలసినవి

మార్కాపురం నుంచి ఒంగోలు ఇంచుమించు వంద కిలోమీటర్లు. గిద్దలూరు వారికి నంద్యాల దగ్గర. వారానికి మూడుసార్లు కారు మాట్లాడుకొని వ్యాయామ చికిత్సకు పోయిరావడం మన సభ్యులకు అయ్యే పని కాదు. కాబట్టి ఆసుపత్రి నుంచి విడుదలయ్యే ముందే ఇంటిలో దగ్గరుండే మనిషి ఒకరు, కొడుకో, కోడలో, మనవరాలో, ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని ప్రతి కదలికా నేర్చుకోవాలి. సెల్‌ఫోనులో వీడియో తీసుకుంటే మరీ మంచిది. రెండు ప్రశ్నలు తప్పక అడిగి కాగితం మీద రాయించుకోండి. మొదటిది, ఆ కాలి మీద బరువు ఎంత మోపవచ్చు? రెండవది, ఏయే భంగిమలు ఎన్నాళ్ళు కూడదు?

మొదటి రోజులలో మంచం మీద చేసేవి చాలా సులువు. పాదాలను పైకి కిందకి ఆడించాలి. పిక్కలలో నెత్తురు నిలవకుండా ఇది కాపాడుతుంది. మోకాలిని పరుపుకు అదుముతూ తొడ కండను బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి. పిరుదులను కూడా అదే విధంగా బిగించాలి. మడమను పరుపు మీద జార్చుతూ మోకాలిని కొంచెం కొంచెం మడవాలి. పదేసి చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. గాలి గట్టిగా పీల్చి వదలడం కూడా వ్యాయామమే. తరువాత వాకరుతో నిలబడినప్పుడు కాలిని పక్కకు చాపడం, కుర్చీలోనుంచి చేతుల సాయంతో లేచి కూర్చోవడం. ఈ చివరిది అన్నిటికంటె ముఖ్యం. కుర్చీలోనుంచి తనకు తానుగా లేవగలిగిన అవ్వ మరుగుదొడ్డికి తనకు తానుగా పోగలదు. అక్కడ తిరిగి వచ్చే మర్యాద చిన్నది కాదు.

వాకరు పిడి, చేయి కిందకి వేలాడదీస్తే మణికట్టు దగ్గరకు రావాలి. ముందు వాకరు, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తరువాత మంచి కాలు. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తిరిగేటప్పుడు గిర్రున తిరగక చిన్న అడుగులతో చుట్టు తిరగాలి. మొదటి వారం గదిలో నాలుగడుగులు చాలు. రోజూ నాలుగు పెంచుతూ అరుగు దాకా, వీధి దాకా పోవాలి. గోడకు వేలాడే క్యాలెండరులో ఆ రోజు ఎన్నిసార్లు నడిచిందీ గీతలు పెట్టండి. గీతలు లేని రోజులు వరుసగా రెండు కనిపిస్తే కారణం అడగండి. నేను లెక్కల మనిషిని కనుక చెప్పడం కాదు, చూచుకునేవారు మారుతూ ఉండే ఇంటిలో రాసుకోనిది జరగదు.

నొప్పి ఉంటుంది. నొప్పి మాత్ర ఇచ్చిన అరగంటకో గంటకో నడిపిస్తే ఓర్చుకోగలరు. మాత్రలు మానిపించి "నొప్పి ఉన్నప్పుడు నడవద్దులే" అనడం ఆ మనిషికి మేలు చేసినట్లు కాదు.

మన ఇళ్ళన్నీ నేల మీద బ్రతికే ఇళ్ళు. భోజనం నేల మీద, పొయ్యి నేల మీద, మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది. లోహపు బంతి పెట్టినవారిలో చాలామందికి కనీసం ఆరు వారాల నుంచి మూడు నెలల వరకు, కొందరికి ఎప్పటికీ, గొంతుక్కూర్చోవడం, బాసిపట్టు వేయడం, కాలు మీద కాలు వేయడం, మోకాళ్ళకంటె తుంటి కిందకి పోయేటట్లు కూర్చోవడం కూడదని చెబుతారు. కీలు జారిపోయే ప్రమాదం ఉన్నది. మరలు వేసి బిగించినవారికి ఈ నిబంధనలు వేరుగా ఉండవచ్చు, కాబట్టి అడగాలి. నులక మంచం అసలు పనికిరాదు. మధ్యలో గుంటపడి మనిషిని లోపలికి లాగుతుంది. పలక మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మెలు కదలకుండా బిగించి ఎత్తు చేయాలి. పడుకున్నప్పుడు కాళ్ళ మధ్య దిండు పెట్టాలి. మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడు కుర్చీ ఒకటి తప్పనిసరి. గోడకు పట్టుకునేందుకు ఒక ఇనుప కడ్డీ, రాత్రి వెలిగే చిన్న బల్బు. గోతాములు, చిరిగిన చాపలు దారిలో లేకుండా తీసివేయాలి. వదులు చెప్పులకు బదులు మడమ పట్టీ ఉన్నవి కొనండి.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం హఠాత్తుగా వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి కాలు పొట్టిగా మారి అడుగు మోపలేకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన నీళ్ళ సంగతి

పశ్చిమ ప్రకాశంలో ఈ విషయం రాస్తూ ఫ్లోరైడును వదిలివేయడం తగదు. మన దేశంలో మనుషులకు నీటి ఫ్లోరైడు వలన ఎముకలు పట్టివేసే వ్యాధిని గూర్చి తొలి వైద్య నివేదిక 1937లో ప్రకటితమైనది. అది మద్రాసు రాజధానికి చెందిన ఈ ప్రాంతపు నివేదికే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. డాక్టర్లకంటె ముందు దీనిని రైతులు గుర్తించారు. దుక్కి ఎద్దులు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం వారి కంటపడినది. పశువులు ముందుగా చెప్పిన సంగతి మనుషులలో ఆ తరువాత బయటపడినది.

ఫ్లోరైడు పేరుకున్న ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. చూచినవారు గట్టి ఎముక అనుకుంటారు. చిక్కదనం వేరు, బలం వేరు. ఒకప్పుడు ఎముకల బలానికి మందుగా ఫ్లోరైడునే ఇచ్చి చూశారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 202 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగం వారికి నాలుగేళ్ళు ఫ్లోరైడు ఇచ్చి 1990లో ఫలితం ప్రకటించారు. వెన్నెముక చిక్కదనం బాగా పెరిగినది గాని వెన్నెముక కాని ఇతర ఎముకలు విరగడం ఎక్కువైనది. నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే దారి లేనప్పుడు 1.5 మించరాదని మన దేశపు ప్రమాణం. మీ బోరు నీటిని పరీక్ష చేయించి ఉండకపోతే చేయించండి.

తుంటి విరిగినవారిలో దీని ప్రభావం ఏమంటే, ఆపరేషన్ అయిన కీలు బాగానే ఉన్నా వెన్ను, మోకాళ్ళు, రెండవ తుంటి పూర్వమే బిగుసుకొని ఉంటాయి. నిటారుగా నిలబడలేరు, వాకరు ఎత్తు తగ్గించవలసి వస్తుంది, నడక నిదానంగా వస్తుంది. ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఇతరులకు రెండు నెలలు పట్టేది వీరికి నాలుగు నెలలు పట్టవచ్చు. "ఫ్లోరైడు కాళ్ళు, ఇక లేవవు" అని తేల్చివేయడం మాత్రం నేను అనేక ఊళ్ళలో విన్నాను. అది తొందరపాటు. నలభై అడుగుల ఇంటిలో నడవగలిగినా ఆ మనిషి బ్రతుకు మంచంలో ఉన్నదానికంటె ఎంతో మేలు.

ఇంటి పాలు

చెప్పుటకు కొంచెం ఇబ్బందిగా ఉన్నది గాని చెప్పక తప్పదు. ఉదయం నాలుగు లీటర్లు సంఘానికి పోసే ఇంటిలో అవ్వకు టీలో కలిపే చుక్క తప్ప పాలు అందని సందర్భాలు ఉన్నాయి. బిల్లు వస్తుందని పాలన్నీ పోస్తాము, ఆ బిల్లులోనుంచే మందులషాపులో బలం పొడి డబ్బా కొంటాము. కండ తిరిగి పట్టుటకు మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల బరువున్న వృద్ధునికి ఈ దశలో రోజుకు 60 గ్రాములు, అంతకు కొంచెం పైన అవసరం. అరలీటరు బర్రె పాలలో ఇంచుమించు 20 గ్రాములు, రెండు గుడ్లలో 12 గ్రాములు ఉంటాయి; మిగిలినది పప్పు, పెరుగు, శనగలు, తినేవారికి మాంసం, చేపలు. సున్నపు ధాతువు కూడా బర్రె పాలలో దండిగా ఉన్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి. డి విటమిన్, ఎముకల బిగువు పెంచే మందులు, సూదులు కూడా ఉన్నాయి. ఒక తుంటి విరిగినవారికి రెండవది విరిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆపరేషన్ అయినంత మాత్రాన వైద్యం ముగిసినట్లు భావించక ఆ మందుల సంగతి అడగండి. ఫ్లోరైడు ప్రాంతంవారమని చెప్పి మరీ అడగాలి.

మళ్ళీ కొట్టంలోకి

పాడి చేసినవారికి కొట్టంలోకి పోవాలని ఉంటుంది. దానిని అడ్డుకోవద్దు, దారి చూపండి. వాకరు వదిలి కర్రకు వచ్చిన తరువాత నిలబడి మేత వేయడం, కుడితి తాగేటప్పుడు పక్కన నిలబడడం మంచి అభ్యాసం. గొంతుక్కూర్చుని పితకడం డాక్టరు ఒప్పుకునేదాకా పనికిరాదు. ఒప్పుకున్నా ఎత్తు పీట వేసుకోవాలి. తన్నే బర్రె దగ్గరకు పంపవద్దు. తడి నేల మీద గరుకు సిమెంటు వేయించండి, లేదా పితికే చోట రబ్బరు చాప పరచండి. పాలకేంద్రానికి రావాలనుకుంటే క్యాను మనవడు మోయాలి, అవ్వ కర్రతో నడిచి రావాలి. వరుసలో నిలబెట్టక ఆమె పాలు ముందుగా కొలవమని సెక్రటరీలను కోరుతున్నాను.

చివరగా సంఘాల పాలకవర్గాలకు ఒక సూచన. వాకరు, కమోడు కుర్చీ ఒక ఇంటికి కొన్ని నెలలే అవసరం. తరువాత అటక మీద పడి ఉంటాయి. ఉపవిధులు అనుమతించిన మేరకు సామాన్య శ్రేయోనిధి నుంచి సంఘమే ఒక్కొక్కటి కొని, సభ్యులకు వంతుగా ఇచ్చి తీసుకోవచ్చు. ఇందుకు తీర్మానం రాయాలి, రశీదు ఫైలులో పెట్టాలి, డెడ్ స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ సంతకంతో రాయాలి. కొనేటప్పుడు ఎత్తు సవరించే గుండీలు నాలుగు కాళ్ళకూ పనిచేస్తున్నవో లేదో చూచి తీసుకోండి. కాళ్ళ కింది రబ్బరు తొడుగులు మన రాతి నేల మీద త్వరగా అరిగిపోతాయి. ఒక జత అదనంగా కొని సంఘం బీరువాలో ఉంచండి.